డాగ్‌వుడ్ పండు తినవచ్చా? పూల కోసం నాటిన చెట్టు నుంచి పండ్లు ఆశించడంలో ఉన్న చిక్కులు

డాగ్‌వుడ్ చెట్టుకు కాసే ఎర్రని పండ్లు తినవచ్చా అని అడిగితే ఒకరు నిక్షేపంగా తినవచ్చు అంటారు, మరొకరు ముట్టుకోవద్దు అంటారు, ఇంకొకరు తిన్నాను కానీ నోట్లో ఇసుక పడ్డట్టుంది అంటారు. వీరంతా నిజమే చెబుతూ ఉండవచ్చు. వారు మాట్లాడుతున్నది ఒకే చెట్టు గురించి కాకపోవచ్చు. ఒకే చెట్టు గురించి అయినా, ఒకే దశలో ఉన్న పండు గురించి కాకపోవచ్చు. ఈ ప్రశ్నకు సమాధానం చెట్టు ఏ జాతిది, ఆ జాతిలో ఏ రకం, పండు ఎంత వరకు మాగింది అన్న మూడు సంగతులు వరుసగా తేలాకే దొరుకుతుంది. పైగా తోటల్లో కనిపించే డాగ్‌వుడ్ రకాలలో ఎక్కువ భాగాన్ని ఎంపిక చేసినవారు చూసింది పూల అందాన్నే గాని పండు రుచిని కాదు. చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

తినదగిన జాతులు ఏవి, కానివి ఏవి

డాగ్‌వుడ్ అనేది ఒక్క చెట్టు పేరు కాదు. కార్నస్ అనే ప్రజాతిలో సుమారు 50 నుంచి 60 జాతులున్నాయి. ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ ప్రాంతాల్లో విస్తరించిన ఈ కుటుంబంలో జానెడు ఎత్తు కూడా లేని నేలబారు మొక్కలు, చలికాలంలో ఎర్రని కొమ్మల కోసం పెంచే పొదలు, ఒక మోస్తరు చెట్లు అన్నీ ఉన్నాయి. వీటిలో పండు కోసం పెరటి తోటకు పనికొచ్చేవి కొన్నే.

మొదటిది కూసా డాగ్‌వుడ్. జపాన్, కొరియా, చైనా, తైవాన్ దీని స్వస్థలాలు. రెండోది కార్నస్ మాస్, అంటే కార్నీలియన్ చెర్రీ. పేరులో చెర్రీ ఉన్నా చెర్రీకి, దీనికి చుట్టరికం లేదు. దక్షిణ ఐరోపా నుంచి పశ్చిమాసియా వరకు ఇది సహజంగా పెరుగుతుంది. మూడోది కార్నస్ కాపిటాటా. హిమాలయాల నుంచి చైనా వరకు వ్యాపించిన సతతహరిత వృక్షమిది. పండు చూడడానికి స్ట్రాబెర్రీని తలపిస్తుంది, కానీ గట్టి మంచును తట్టుకోలేదు. కార్నస్ అఫిసినాలిస్ అనే తూర్పు ఆసియా జాతి కార్నీలియన్ చెర్రీకి దగ్గరి బంధువు. దాని పండును గింజ తీసి ఎండబెట్టి సంప్రదాయ చైనా వైద్యంలో వాడతారు తప్ప నోటి రుచి కోసం పెంచేవారు తక్కువ.

ఇక గందరగోళానికి అసలు కారణం కార్నస్ ఫ్లోరిడా. అమెరికా తూర్పు ప్రాంతపు అడవుల్లో పుట్టిన ఈ చెట్టు వర్జీనియా, మిస్సోరీ రాష్ట్రాల అధికారిక వృక్షం కూడా. వసంతంలో దీని తెల్లని, గులాబీ రంగు సోయగం కూసాకు ఏ మాత్రం తీసిపోదు. శరదృతువులో నిగనిగలాడే ఎర్రని చిన్న పండ్లు గుత్తులుగా నిలుస్తాయి. అవి పక్షులకు మంచి ఆహారమే అయినా మనిషికి చేదు. వాటిని తినదగినవిగా లెక్కించరు. ఎర్రకొమ్మల పొదలకు కాసే తెల్లని చిన్న పండ్లనూ తినే పండ్లలో చేర్చరు. కాబట్టి ముట్టుకోవద్దు అన్నవారి మనసులో ఉన్నది ఫ్లోరిడా అయితే ఆ సలహా సబబే. కూసా అయితే కాదు.

ఈ రెండింటినీ వేరుగా గుర్తించడం కష్టం కాదు. ఫ్లోరిడా తెల్లరేకుల కొసలో చిన్న నొక్కు ఉంటుంది, కూసా రేకు మొనదేలి ఉంటుంది. ఫ్లోరిడా ఆకులు రాకముందే, లేదా వస్తూ ఉండగానే పూస్తుంది. కూసా కొన్ని వారాలు ఆలస్యంగా, చెట్టంతా ఆకులు పరుచుకున్నాక పూస్తుంది. పండు చూస్తే సందేహమే ఉండదు. కూసా పండు పొడవాటి కాడకు ఒంటరిగా వేలాడే గరుకు బంతి, ఫ్లోరిడాది కొమ్మ చివర దగ్గర దగ్గరగా కూర్చున్న నున్నని గింజల గుత్తి.

నాలుగు తెల్లరేకులు, నడుమ చిన్న పువ్వులు

పైన రేకులు అన్నాం గాని, వృక్షశాస్త్రం ప్రకారం అవి రేకులు కావు. కాగితం పూల తీగకు రంగునిచ్చేవి పువ్వులు కానట్టే, ఇక్కడా కంటికి ఆనే నాలుగు తెల్లని భాగాలు పుచ్ఛాలనే మారిన ఆకులు. అసలు పువ్వులు వాటి నడుమ ఉన్న పచ్చని బొడిపెలో ఉంటాయి. కూసాలో ఒక్కో బొడిపెలో ఇరవై నుంచి నలభై దాకా చిన్న పువ్వులు ఒత్తుగా ఇమిడి ఉంటాయి. కీటకాలు పరాగ సంపర్కం జరిపాక ఫ్లోరిడాలో ఒక్కో పువ్వు ఒక్కో విడి పండు అవుతుంది. కూసాలో, కాపిటాటాలో మాత్రం పక్కపక్కనున్న అండాశయాలన్నీ కలిసిపోయి ఒకే కండగల సంయుక్త ఫలంగా మారతాయి. కూసా పండు పైన కనిపించే పలకల్లాంటి గీతలు ఒకప్పుడు వేర్వేరు పువ్వుల సరిహద్దులే.

ఈ తేడా ఎందుకు వచ్చిందన్న దానికి వృక్షశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఐడ్ 1985లో ఒక ఆసక్తికరమైన ప్రతిపాదన చేశాడు. పక్షి ఒక్క గుక్కలో మింగగలిగే చిన్న పండు అమెరికా జాతికి సరిపోయింది; ఆసియాలో కోతులుండేవి కాబట్టి చేతితో తెంపి కొరికి తినే జంతువుకు తగిన పెద్ద, తీయని పండు అక్కడ రూపుదిద్దుకుంది అన్నది దాని సారాంశం. జపాన్‌లో కోతులు కూసా పండ్లు తినడం తెలిసిన విషయమే. పెరటి తోటకు దీంతో పనేమిటనిపించవచ్చు. ఆ పండును తినిపోయే జంతువు లేని చోట కాపంతా చెట్టు కిందే రాలుతుంది; ఆ సంగతి స్థలం ఎంపిక దగ్గర మళ్లీ అడ్డుపడుతుంది.

కూసా రుచి గురించి ఇన్ని మాటలెందుకు

కూసా పండు వేసవి చివర నుంచి శరదృతువు మధ్య వరకు మాగుతుంది. రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటుంది. ఎరుపు రంగు ముందుగా వస్తుంది, మెత్తదనం ఆ తరవాత వస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఎర్రగా ఉండి ఇంకా గట్టిగా ఉన్న పండు వగరుగా, చప్పగా ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే లొంగి, కాడ దగ్గర తోలు సులువుగా చిట్లే స్థితికి వచ్చినప్పుడు లోపల నారింజ పసుపు రంగు గుజ్జు మీగడలా జారుతుంది. దాని రుచిని మామిడితోనో, బొప్పాయితోనో పోల్చేవారున్నారు. నా దృష్టిలో అది వీటిలో దేనికీ సాటి రాదు, పులుపు బొత్తిగా లేని సున్నితమైన తీపి అంతే. ఘాటైన రుచిని ఆశించినవారికి నిరాశ తప్పదు.

ఇక ఇసుక సంగతి. కూసా తోలులో రాతికణాలనే గట్టి కణాలు ఎక్కువగా ఉంటాయి. జామపండు కండలో పళ్లకు తగిలే పలుకులు కూడా ఇలాంటి కణాలవే. తోలుతో సహా నమిలితే ఆ పలుకు, దానితో కాస్త చేదు నోటిలో మిగులుతాయి. అందుకే తినేవారు పండును కాడ వైపు చీల్చి గుజ్జును నోటిలోకి పిండుకుని, గట్టి గింజలను ఉమ్మేసి, తోలును పారేస్తారు. జల్లెడలో రుద్ది గుజ్జును మాత్రమే తీసుకోవడమూ ఇందుకే. కాకపోతే ఒక్కో పండులో దక్కే గుజ్జు ఒక చెంచా లోపే ఉంటుంది కాబట్టి గిన్నెడు గుజ్జుకు బుట్టెడు పండ్లు కావాలి.

దీనికి తోడు చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంది. గింజ నుంచి మొలిచిన రెండు కూసా చెట్లు పక్కపక్కనే ఉన్నా ఒకదాని పండు గోలీ అంత, మరొకదానిది పెద్ద రేగుపండంత కావచ్చు. తీపిలోనూ అంతే తేడా ఉండవచ్చు. ఒక్క పండు కొరికి కూసా జాతి మొత్తానికి తీర్పు చెప్పడం సరికాదు.

పూలు విరగబూసినా కాయ నిలవని సంకర రకాలు

పండు ఆశించి చెట్టు కొన్నవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 1970లలో ఉత్తర అమెరికాలో డాగ్‌వుడ్ ఆంత్రక్నోస్ అనే తెగులు బయటపడి ఫ్లోరిడా చెట్లను పెద్ద ఎత్తున చంపింది. దానికి కారణమైన శిలీంధ్రానికి 1991లో డిస్క్యులా డిస్ట్రక్టివా అని పేరు పెట్టారు. కూసాకు ఈ తెగులును తట్టుకునే శక్తి ఎక్కువ. అందుకని న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఎల్విన్ ఆర్టన్ ఫ్లోరిడాను, కూసాను సంకరం చేసి స్టెల్లార్ వరస రకాలను రూపొందించాడు. అలంకరణ చెట్లుగా అవి మేలైనవి: నిటారుగా, బలంగా పెరుగుతాయి, పూత దట్టంగా ఉంటుంది, తెగులును బాగా తట్టుకుంటాయి. కానీ అవి దాదాపుగా వంధ్య రకాలు. దూరపు జాతుల నుంచి వచ్చిన క్రోమోజోములు ఒకదానితో ఒకటి సరిగా జతకట్టలేకపోతే పుప్పొడి, అండాలు సక్రమంగా ఏర్పడవు. పూత ఎంత ఉన్నా కాయ నిలవదు.

అమ్మేవారి వైపు నుంచి చూస్తే ఇది లోపం కాదు, గుణం. పండ్లు రాలి బాటలు పాడుకావు, గింజలు మొలిచి విస్తరించవు. కొనేవారికి ఏది కావాలన్న దాన్ని బట్టి ఒకే లక్షణం వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది. అయితే సంకరాలన్నీ కాయవని అనుకోవడమూ పొరపాటే. నార్మన్ హాడెన్ అనే రకం కాపిటాటా, కూసా సంకరం. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతపు తోటలో పుట్టింది. దాని పుచ్ఛాలు తెల్లగా విచ్చుకుని వయసు పెరిగేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి, ఆ తరవాత ఎర్రని పండ్లు బాగా కాస్తాయి. దాని తల్లిదండ్రులిద్దరూ ఆసియా జాతులే, రెండూ సంయుక్త ఫలాలు కాసేవే.

ఉదాహరణకు ఒక నర్సరీలో మూడు మొక్కలున్నాయనుకుందాం. ఒకదాని మీద మిల్కీ వే అని, మరొకదాని మీద స్టెల్లార్ పింక్ అని, మూడోదాని మీద ఊరికే గులాబీ డాగ్‌వుడ్ అని రాసి ఉంది. మొదటిది శుద్ధ కూసా రకం, పూతకూ కాపుకూ పేరున్నది. రెండోది వంధ్య సంకరం, అందం మాత్రమే. మూడోదానిపై ఉన్న మాట వల్ల ఏమీ తెలియదు: అది ఫ్లోరిడా కావచ్చు, సంకరం కావచ్చు, సాతోమీ లాంటి గులాబీ కూసా కావచ్చు. పూల రంగును బట్టి పండును ఊహించలేం.

కార్నీలియన్ చెర్రీ దారి వేరు

ఇంతసేపూ చెప్పినవి పెద్ద పుచ్ఛాల డాగ్‌వుడ్‌లు. కార్నీలియన్ చెర్రీ వీటికి భిన్నం. చలికాలం ఇంకా పూర్తిగా పోకముందే, ఒక్క ఆకు కూడా లేని కొమ్మల మీద పసుపు పచ్చని చిన్న పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి. అందం విషయంలో కూసాతో పోటీ పడలేదు కానీ, తోటలో మరేదీ పూయని రోజుల్లో పూయడం దీని ప్రత్యేకత. పూలు మంచును చాలావరకు తట్టుకుంటాయి. అయితే ఆ చలిలో తేనెటీగలు బయటికి రావడానికి కొన్ని వెచ్చని గంటలైనా దొరకాలి, లేకపోతే కాపు తగ్గుతుంది.

పండు విషయంలో మాత్రం కూసాకంటే దీనిదే పైచేయి అనాలి. కోలగా, ఒకే టెంకతో, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవుండే ఈ పండుకు శతాబ్దాల వంటింటి చరిత్ర ఉంది. టర్కీలో షర్బతుగా, ఇరాన్‌లో ఎండబెట్టి, కాకసస్ ప్రాంతంలో పుల్లటి సాస్‌గా, తూర్పు ఐరోపాలో జామ్‌గా, మద్యంగా వాడుతున్నారు. కీవ్‌లోని జాతీయ వృక్షోద్యానంలో దశాబ్దాల పాటు పండు పరిమాణం, రుచి కోసమే ఎంపిక జరిపి అనేక రకాలను విడుదల చేశారు. పండు కోసం ఇంత శ్రద్ధగా సాగిన పని కూసా విషయంలో జరగలేదు.

కానీ ఇక్కడ కూడా రంగు మోసం చేస్తుంది. లేత ఎరుపు దశలో కోస్తే నాలుక బిగుసుకుపోయేంత వగరు. ముదురు ఎరుపుకు తిరిగి, కాస్త పారదర్శకంగా మారి, ముట్టుకోగానే చేతిలోకి రాలిపడే స్థితిలో తీపి, పులుపు సరిగా కలుస్తాయి. చెట్టంతా ఒకేసారి మాగదు. వారాల తరబడి కొన్ని కొన్నిగా రాలుతుంది. అందుకే చెట్టు కింద వల పరిచి రాలినవి ఏరుకునే అలవాటు పెంపకందారుల్లో ఉంది. రంగు తిరిగిన పండ్లను కోసి గది ఉష్ణోగ్రతలో కొన్ని రోజులు ఉంచినా మాగుతాయి, ఇది కూసాకు లేని సౌలభ్యం.

రకం ఎంపిక ఎందుకు ముఖ్యమో ఊహాజనితమైన చిన్న లెక్కతో చూద్దాం. ఒక అడవి మొక్క పండు 2 గ్రాములుండి టెంక 0.4 గ్రాములుంటే, బరువులో ఐదో వంతు పారేయవలసిందే. పెద్ద పండ్ల రకంలో పండు 6 గ్రాములు, టెంక 0.6 గ్రాములైతే పారేసేది పదో వంతు. కిలో పండ్లకు మొదటి దాంట్లో 800 గ్రాముల కండ, రెండోదాంట్లో 900 గ్రాములు వస్తాయి. ఈ తేడా స్వల్పమే. అసలు తేడా శ్రమలో ఉంది: మొదటి కిలోలో 500 టెంకలు తీయాలి, రెండోదాంట్లో 167 మాత్రమే.

గింజ మొక్క, అంటు మొక్క, రెండో చెట్టు ప్రశ్న

గింజ నాటితే ఖర్చు లేదు, కానీ కాలం పడుతుంది. కూసా గింజకు మూడు నెలల చలి దొరికితే సాధారణంగా మరుసటి వసంతంలో మొలకెత్తుతుంది. కార్నీలియన్ చెర్రీ గింజకు ముందు వెచ్చదనం, తరవాత చలి కావాలి. 2026 శరదృతువులో నాటిన గింజకు ఆ చలికాలం అక్కరకు రాదు. 2027 వేసవి వెచ్చదనం, ఆపై వచ్చే చలి పూర్తయ్యాక 2028 వసంతంలో మొలక కనిపించవచ్చు. అక్కడి నుంచి తొలికాపుకు మరో ఐదు నుంచి పదేళ్లు. అంటు మొక్క మూడు నాలుగేళ్లలోనే కాస్తుంది, పండు ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. గింజ మొక్కలను సమర్థించేవారు జన్యు వైవిధ్యం వల్ల పరాగ సంపర్కం బాగుంటుందని, కొత్త మంచి రకం దొరికే అవకాశం ఉందని అంటారు. ఆ మాటా నిజమే, కాకపోతే ఒకటి రెండు చెట్లకే చోటున్న పెరట్లో ఆ పందెం కాయడం ఎంతవరకు లాభమో చెప్పడం కష్టం.

రెండో చెట్టు కావాలా అన్నది ఇంకొక మెలిక. కార్నీలియన్ చెర్రీ ఒంటరిగా కొంత కాయగలిగినా, వేరే రకం పుప్పొడి అందితే కాపు బాగా పెరుగుతుంది. కూసా కూడా అంతే. ఇక్కడ వేరే రకం అన్న మాటే కీలకం. జోలికో అనే పెద్ద పండ్ల రకం అంట్లు రెండు తెచ్చి పక్కపక్కన నాటితే చూపుకు రెండు చెట్లు, జన్యుపరంగా మాత్రం ఒకే చెట్టు. ఒకదాని పుప్పొడి మరొకదానికి పరాయిది కాదు. ఆ రెండింటిలో ఒకదాని స్థానంలో ఏదైనా గింజ మొక్క ఉన్నా ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఎలాంటి వాతావరణం, ఎలాంటి నేల

ఇవి శీతల దేశాల చెట్లు. కార్నీలియన్ చెర్రీ సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిని కూడా తట్టుకోగలదు, కూసా దానికి కాస్త తక్కువగా. సమస్య చలి లేకపోవడంలో ఉంది: చలికాలపు విశ్రాంతి దొరకని ఉష్ణమండల మైదానాల్లో మొగ్గలు సరిగా విచ్చుకోవు, చెట్టు బతికినా పూత, కాపు ఆశించలేం. కాపిటాటా వెచ్చదనాన్ని ఎక్కువ కోరుకున్నా, అదీ కొండ ప్రాంతపు చెట్టే. నేల విషయంలో కూసా పట్టింపు ఎక్కువది. కొంచెం ఆమ్లత్వం ఉండి, తేమ నిలిచి, నీరు మాత్రం నిలవని నేల కావాలి. నీటి ఎద్దడి వస్తే ఆకుల అంచులు మాడతాయి. కార్నీలియన్ చెర్రీ సున్నపు నేలల్లోనూ సర్దుకుపోతుంది.

స్థానిక వృక్షమా, పరాయి వృక్షమా అన్న వాదన

అమెరికా తూర్పు ప్రాంతంలో కూసా నాటడంపై అభ్యంతరం ఉంది. ఫ్లోరిడా పండ్లలో కొవ్వు ఎక్కువ, శరదృతువులో వలస వెళ్లే పక్షులకు అది శక్తినిచ్చే ఆహారం. దాని ఆకుల మీద స్థానిక సీతాకోకచిలుకల గొంగళిపురుగులు పెరుగుతాయి. ఆ చోటును కూసా ఆక్రమిస్తే ఆ గొలుసు తెగుతుందన్నది ఒక వాదన. రెండో పక్షం, తెగులుతో ఏటా కొమ్మలు ఎండిపోయే చెట్టుకంటే ఆరోగ్యంగా నిలిచే చెట్టు మేలు కదా అంటుంది. రెండింటిలోనూ బలముంది, ఫ్లోరిడా ఆరోగ్యంగా పెరిగే చోట మొదటి వాదన నెగ్గుతుంది, తెగులు స్థిరపడిన తేమ లోయల్లో రెండోది. కూసా స్వస్థలాల్లో ఈ తగవే లేదు.

స్థలం, కత్తిరింపు, మందులు

ఎదిగిన కూసా కొమ్మల విస్తీర్ణం ఆరు మీటర్లు అనుకుంటే, కాండం నుంచి ప్రతి దిక్కుకూ మూడు మీటర్లు. నడిచే దారికి రెండు మీటర్ల దూరంలో నాటితే మీటరు మేర కొమ్మలు దారి మీదికి వస్తాయి. మాగిన మెత్తని పండ్లు అక్కడ రాలి పాదాల కింద నలుగుతాయి, కందిరీగలు చేరతాయి. కోతులు తిని ఖాళీ చేయవలసిన కాపు మనిషి చీపురుకు మిగులుతుంది. అదే చెట్టును దారికి నాలుగు మీటర్ల అవతల, గడ్డి లేదా ఆకుల పొర మీద రాలేలా నాటితే ఏరుకోవడమూ తేలికే.

మందుల విషయంలో ఒక తేడా గుర్తించాలి. అలంకరణ మొక్కలకు అనుమతి ఉన్న పురుగుమందులకు తినే పంటపై అనుమతి ఉండకపోవచ్చు, నర్సరీలో పెరిగిన మొక్కలకు అలాంటివి వాడి ఉండవచ్చు. పూల మొక్కగా కొన్న చెట్టు తొలి కాపును వదిలేసేవారు చూపే కారణం ఇదే.

కార్నీలియన్ చెర్రీని కంచెగా కూడా పెంచుతారు, కానీ కంచె, కాపు రెండూ పూర్తిగా దక్కవు. వచ్చే ఏటి పూమొగ్గలు ఈ వేసవిలోనే కొమ్మల మీద ఏర్పడతాయి. శరదృతువులో కత్తిరిస్తే ఆ మొగ్గలు పోతాయి, పూత అయ్యాక కత్తిరిస్తే పిందెలు పోతాయి. అందుకే కంచెలో ఏడాదికి ఒక వైపు మాత్రమే కత్తిరించి, రెండో వైపును కాపుకు వదిలే పద్ధతి కొందరు పాటిస్తారు. అలా చేస్తే కంచె ఎప్పుడూ ఒక పక్క కాస్త చిందరవందరగానే ఉంటుంది.